గుసగుసకు సరిపడా చార్జి

మొదటి గుండీ చచ్చిపోయింది.

లాండ్రీ వ్యాన్‌లో, ఉతికిన దుప్పట్ల మధ్య కూర్చున్న ఏజెంట్ 'తూనిక' స్క్రీన్ చూసి ముఖం చిట్లించాడు. ఎదుటి హోటల్ పై అంతస్తులో గోడలకు అంటించిన గుండీలంత మైకులవి. ఒకదాని మాట ఒకటి అందుకుని వ్యాన్ దాకా చేరవేస్తాయి. సాయంత్రం దాకా బ్యాటరీకి ఢోకా లేదని ఎస్టిమేట్ ఇచ్చింది తూనికే.

రెండోదీ పోయింది. వెంటనే మూడోది.

"ఏమయ్యా, నీ లెక్కకేమొచ్చింది?" ఇయర్‌ఫోన్‌లో చీఫ్.

ఆ అంతస్తులో ఏదో గదిలో డబుల్ ఏజెంట్ 'వెన్నెల' విదేశీ ముఠా మనిషిగా నటిస్తోంది. ముఠా నాయకుడు అమ్మకానికి తెచ్చిన పవర్ గ్రిడ్ కోడ్ బయటపెట్టగానే "కాఫీ చల్లారింది" అంటుంది. ఆ మాట వినగానే కమాండోలు గది మీద పడాలి. వినపడకపోతే? బేరం ముగిశాక సాక్షిని మిగల్చడం ఆ ముఠాకు అలవాటు లేదు.

వెన్నెల అతని భార్య. కొత్త కాపురం. ఇంట్లో ఉన్నవల్లా రెండు కుర్చీలు, పోట్లాడి మరీ కొన్న రెండు ఎర్ర టీ కప్పులు.

తప్పెక్కడో అతనికి తెలిసిపోయింది. ఆ కప్పులు కొనే రోజున, షాపు దగ్గర ఆమె ఎదురుచూస్తోందని, గుండీలన్నీ ఒకే బల్ల మీద పెట్టి కరెంటు కొలిచేసి పరిగెత్తాడు. పక్కపక్కనుంటే గుండీలకు గుసగుస చాలు. మధ్యలో కాంక్రీటు గోడలుంటే అరవాలి; అరుపుకు చార్జి ఎక్కువ ఖర్చు. వినపడకపోతే మళ్ళీ అరవాలి. ఒకటి చస్తే దాని బరువూ మిగిలినవే మోయాలి.

"చీఫ్, తప్పు నాది. గోడల్ని మర్చిపోయాను."

"ఏడుపు తర్వాత. దారి చెప్పు."

"గుండీలన్నిటినీ నిద్రపుచ్చుతా. ఆమె పెట్టుకున్న బ్రోచ్‌లోని మైకు ఒక్కటే గుసగుసలాడుతుంది."

"వినేదెవరు?"

"నేను. పక్కనే ఉంటా."

హోటల్ యూనిఫాం. దుప్పట్ల ట్రాలీ అడుగున రిసీవర్. ఒక్కో తలుపు దగ్గరా ఆగుతూ కారిడార్ వెంట నడిచాడు. బ్రోచ్‌లో మిగిలింది ఒక్క శాతం చార్జి. నిశ్శబ్దం. మళ్ళీ నిశ్శబ్దం. చివరి తలుపు దగ్గర చెవిలో సన్నగా ఆమె గొంతు వణికింది.

"కాఫీ... మళ్ళీ చల్లారింది."

"ఇందాకట్నుంచీ అదే మాట. ఎవరికి చెబుతున్నావ్?" మగ గొంతు. పిస్టల్ ఎక్కుపెట్టిన చప్పుడు. బ్రోచ్ ఆగిపోయింది.

"చివరి గది!" అని అరుస్తూ తూనిక ట్రాలీతో తలుపు బద్దలుకొట్టాడు. నాయకుడు పేల్చిన తూటా సీలింగ్‌కి తగిలింది. నాయకుడు దుప్పట్ల కింద పడ్డాడు. కమాండోలు వచ్చేసరికి వెన్నెల వాడి మీద కూర్చుని జుట్టు సర్దుకుంటోంది.

తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో ఆమె అంది, "శ్రీవారూ, మూడుసార్లు చెప్పాను. ఎవ్వరూ రాలేదు."

"ఆ ఎస్టిమేట్ నాదే. నీ దగ్గరికి రావాలన్న తొందరలో..." తల ఎత్తలేకపోయాడు.

"కప్పులు బాగున్నాయి కాబట్టి బతికిపోయారు," అంది ఆమె. "సరేగానీ, నా ఫోన్ చార్జి ఇంటిదాకా వస్తుందా?"

తూనిక లెక్క వెయ్యలేదు. జేబులోంచి చార్జర్ తీశాడు. రెండో జేబులోంచి ఇంకొకటి.