పసుపు కోటు మనిషి

"శనివారంలోగా ఆ చాప దొరక్కపోతే మమ్మల్ని ఊళ్ళోంచి వెలేస్తారమ్మా. ముగ్గురు పిల్లలతో ఎక్కడికి పోను?" అంది లాగీ. ముందు కుర్చీ ఉన్నా ఆమె కూర్చోలేదు.

లాగీ సమోవా దక్షిణ తీరంలో ఆరు కొబ్బరాకు పాకలు వేసి యాత్రికులకు అద్దెకిచ్చే వితంతువు. మంగళవారం మధ్యాహ్నం ఊరి పెద్ద ఇంట్లోంచి మూడు తరాల ఆడవాళ్ళు అల్లిన, ఊరు తన పరువుగా దాచుకున్న సన్నచాప మాయమైంది. బ్రిస్బేన్ నుంచి వారం సెలవు గడపడానికి వచ్చిన డెరెక్ ఎత్తుకుపోయాడని ఊరంతా తేల్చేసింది. అతిథి తప్పు చేస్తే అన్నం పెట్టిన ఇంటిదే బాధ్యత.

డిటెక్టివ్ పెలెనతేతే వెంటనే గొడుగు అందుకుంది. ఆమె సహాయకురాలు లోసా ఒకప్పుడు బడిపంతులమ్మ. లోసాకు కనిపించిన ప్రతివాడూ దొంగే. అసలు దొంగను పట్టేది మాత్రం పెలెనతేతే. ఆ సంగతి పదిమందికీ చెప్పుకు మురిసేది కూడా లోసాయే.

ఊళ్ళో ముందుగా ఊరి పెద్ద తల్లి మసినా అవ్వను కలిశారు.

"నా మసక కళ్ళకి పసుపు కోటే కనబడింది తల్లీ. తలమీద ముసుగు, చంకలో ఏదో మూట. నడుం వంచి నా ముందునుంచే పోయాడు. ఇంత ఉక్కలో కోటేంట్రా అనుకున్నా."

పాకల దగ్గర డెరెక్ మొహం వాడిపోయి ఉంది. "జలపాతం చూశాను, గుహలో ఈదాను. మంగళవారం మిగతా అతిథులంతా సముద్రపు నీళ్ళు ఎగజిమ్మే రాళ్ళ దగ్గరికెళ్తే నేను పాకలో పడుకున్నాను. నా పసుపు వానకోటు బయట తాడుమీద ఆరేసి ఉంది."

"పడుకున్నట్టు సాక్ష్యం?" అంది లోసా గుర్రుగా.

"నిద్రకు సాక్షి ఎవరుంటారండీ?" అంటూ అతను అరుగుమీది ముసలాళ్ళ ముందునుంచే ఛాతీ విరుచుకుని వెళ్ళిపోయాడు.

లాగీ తల కొట్టుకుంది. "పెద్దల ముందు వంగి నడవాలని వచ్చినరోజు నుంచీ చెబుతున్నా. ఒక్కసారీ వినడు."

ఆమె మరిది ఎనెలికో పనసచెట్టు కింద కత్తి నూరుకుంటున్నాడు.

"ఆ తెల్లోడే. ఇక్కణ్ణుంచే చూశా. అవ్వ ముందునుంచి కొబ్బరిచెట్టులా నిటారుగా పోయాడు, మర్యాదా పాడా. ఇలాంటోళ్ళని పెట్టుకోవద్దని వదినకి ముందే చెప్పా."

"మరి అప్పుడే పట్టుకోలేదే?" అంది పెలెనతేతే.

"చాప పోయిందని నాకేం తెలుసు?"

"మీ వదిన వెళ్ళిపోతే ఆ పాకలు ఎవరివి?"

"మా అన్నవేగా. నేనే చూసుకోవాలి, తప్పుతుందా."

శనివారం ఉదయం పెద్దలంతా సభా మండపంలో బాసింపట్లు వేసుకుని వరుసగా కూర్చున్నారు. పెలెనతేతే పసుపు కోటును ఎనెలికో చేతికిచ్చింది.

"దొంగను కళ్ళారా చూసింది నువ్వేగా. ఇది తొడుక్కుని అతనెలా నడిచాడో చూపించు. నిటారుగా."

ఎనెలికో ముసుగు లాక్కుని బింకంగా బయలుదేరాడు. మొదటి పెద్దమనిషి ఎదురుగా రాగానే నడుము దానంతటదే వంగింది. తడబడి నిటారుగా నిలబడ్డాడు. రెండో ఆయన ముందూ వంగిపోయాడు.

"వీడే," అంది ఓ పక్కన కూర్చున్న మసినా అవ్వ. "అదే నడక, మంగళవారం పోయింది వీడే."

పెలెనతేతే గొంతు పెంచలేదు. "దొంగ వంగాడని అవ్వ చెప్పింది. వంగలేదని నువ్వు చెప్పావు. డెరెక్ ఎవరి ముందూ వంగడు, కాబట్టి దొంగ ఈ ఊరివాడే. ఊళ్ళో వంగేవాళ్ళు చాలామందే ఉన్నారు, ఈ అబద్ధం ఆడింది మాత్రం నువ్వొక్కడివే. నేరం తెల్లవాడి మీదకి నెట్టాలని తెల్లవాడి నడక చెప్పావు. చాప ఎత్తుకుపోయేటప్పుడు నీ నడుము నీ మాట వినలేదు. వదిన పోతే పాకలు నీవి. అందుకే ఆమె అతిథి కోటు వేసుకున్నావు. చాప ఎక్కడ?"

"కొబ్బరి ఎండబెట్టే కొట్లో," అన్నాడతను నేలచూపులు చూస్తూ.

ఊరు లాగీని వదిలేసింది. ఎనెలికోని వెలేసింది, లాగీ క్షమిస్తే తప్ప.

ఆదివారం పొద్దున్నే ఎనెలికో ఒక చాప తలమీదుగా కప్పుకుని లాగీ వాకిట్లో కూర్చున్నాడు. అక్కడి ఆచారం ప్రకారం క్షమించదలిస్తే ఆమె వచ్చి ఆ చాప ఎత్తాలి. ఎండ నడినెత్తికి వచ్చాక లాగీ బయటికొచ్చింది. బస్సు కోసం నిలబడ్డ లోసా రోడ్డు వదిలి అటే చూసింది.

"నా పిల్లల్ని తీసుకుని నేనెక్కడికి పోతాననుకున్నావు?" అంది లాగీ.

చాప కిందనుంచి, "ఆలోచించలేదు వదినా," అని వినిపించింది.

చాప అంచుదాకా వెళ్ళిన లాగీ చెయ్యి ఆగిపోయింది.

"అయితే ఇప్పుడు ఆలోచించు," అని ఆమె పిల్లలకు అన్నం పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది.