కళ్లు మూసుకున్న నీడతల

"ఆ తెరటోపీ ఊరందరికీ పనికొస్తుందని సంతకం పెట్టావు. నాకు మాత్రం పనికిరాదా?" ఆమని మూడోసారి అడిగింది.

"ఇంకొక్క వారం ఆగవే," దోసె తిరగేస్తూ అంది కౌముది.

"పోయిన వారమూ ఇదే మాట!"

"మీ అమ్మ వారానికి ముప్ఫై రోజులే," అంటూ నవ్వారు అత్తగారు.

ఆమని పాత హెల్మెట్టే తీసుకుని విసవిసా మెట్లు దిగింది. "జాగ్రత్త తల్లీ!" అంది కౌముది గుమ్మంలోంచి. రోజూ వినే మాట. పిల్ల తల కూడా తిప్పలేదు.

2071లో విశాఖ కుర్రకారంతా తెరటోపీల కోసమే ఎదురుచూస్తోంది. కళ్లెదుటి అద్దంలోనే దారి, వేగం, మాట్లాడేవాళ్ల ముఖం కనిపించే హెల్మెట్లవి. బండి పడితే ఆ తెర నుదుట్లో దిగుతుందా లేదా అన్నది తేల్చే పని కౌముది ల్యాబ్‌ది. అందుకే నీడతల పుట్టింది. బతికున్న మనిషి పుర్రె, మెదడు, మెడ కండరాలు, ఉలికిపాటుతో సహా కంప్యూటర్లోకి దించిన నకలు. సిమ్యులేషన్‌లో దాన్ని వేలసార్లు గుద్దించవచ్చు. కౌముది వాడుతున్నది ఆమని నీడతల.

నెల్లాళ్లుగా అది దెబ్బకు ముందే కళ్లు మూసుకుంటోంది. దెబ్బ ఎప్పుడో దానికెలా తెలుస్తోంది?

మధ్యాహ్నం ల్యాబ్‌లో పాత రికార్డులు విన్నది కౌముది. ప్రతి దెబ్బకు ముందు తన గొంతే: "జాగ్రత్త తల్లీ." సిమ్యులేషన్‌కు కలిపిన తెరటోపీ మైకు తెరిచే ఉంది. నాలుగు వేల దెబ్బల్లో నీడతల ఆ మాట నేర్చుకుంది. వినగానే పళ్లు బిగించి, మెడ బిగబట్టేది. అందుకే దెబ్బ తగ్గేది. అందుకే హెల్మెట్ నెగ్గింది.

ఈసారి పెదవులు బిగించి మీట నొక్కింది. నీడతల కళ్లు తెరిచే ఉన్నాయి, పిలుపు కోసం వెతుకుతున్నట్టు. బండి గుద్దింది. తెర అంచు నుదుట్లో దిగింది. అంకెలన్నీ ఎర్రబడ్డాయి. కళ్లు మాత్రం కౌముదినే చూస్తున్నాయి.

దాన్ని చెరిపేయబోతూ, అలవాటుగా, "జాగ్రత్త తల్లీ," అనేసింది.

అది గట్టిగా కళ్లు మూసుకుంది.

ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ భోజనాలకు కూర్చున్నాక కౌముది నెమ్మదిగా చెప్పింది.

"సంతకం వెనక్కి తీసుకున్నాను. ఆమని నీడతలని చెరిపేశాను. రేపట్నించి దాని చోట నాది."

"నీ గొంతు వింటే అది మాత్రం కళ్లు మూసుకోదా?" అన్నాడు భర్త పురంధర్, అంతా విని.

కౌముది అతని కంచంలో పెరుగు వేసింది.

"నాకు నేను జాగ్రత్త చెప్పుకునే అలవాటు లేదుగా."