పూరకం లేని కార్డు

మంజీర నగరంలో దుమ్ము తుపాను రేగి పంతొమ్మిది రోజులైంది. అయినా ఆ ఊళ్ళో ఏ ఇంటి కిటికీలోనూ దుమ్ము కనిపించలేదు. అంగారకుడి మీద గాజు కిటికీలుండవు. గోడకు వెలుపల కెమెరా, లోపల తెర, రెంటికీ నడుమ గ్రాఫిక్స్ కార్డు. తుపాను రోజుల్లో కూడా ఆ తెరల మీద రాగిరంగు సాయంత్రాలు నిశ్చలంగా మెరుస్తూనే ఉన్నాయి.

ఈ సదుపాయానికి పూరకమని పేరు. కెమెరా చూసే నూరు బిందువుల్లో, అంటే పిక్సెళ్ళలో, కార్డు నిజంగా తీసుకునేది ఒక్కటే. తక్కిన తొంభై తొమ్మిదింటినీ ఊహించి గీస్తుంది. విద్యుత్తు ఆదా అవుతోందని మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. తరువాత తయారీదారులు మరొక అడుగు వేశారు. చూసేవారి కనుపాప ఏ ఊహకు విప్పారుతోందో గమనించి, ఆ ఊహనే గీయడం కార్డుకు నేర్పారు. అబద్ధం చూపిస్తోందని ఎవరూ కార్డును వెనక్కి ఇవ్వలేదు. నచ్చలేదని మాత్రం చాలామంది ఇచ్చారు.

నగర నిర్మాణ విభాగంలో ముప్పై ఏళ్ళు ఇంజనీరుగా చేసి విరమించిన నళినికి, ఆ వారమే తన ఇంటి తెర మీద ఉత్తరపు ప్రహరీలో సన్నని పగులు కనిపించింది. సోమవారం ఆ గోడ వెనక కట్టిన కొత్త వార్డులో గాలి నింపి మూడువందల కుటుంబాలను దించబోతున్నారు. పగులు నిజమైతే గోడ ఆ ఒత్తిడికి ఆగదు. పాలకసంఘం తెర మీద మాత్రం గోడ నున్నగా ఉంది.

సంఘం అధ్యక్షుడు భానోజీ ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే. "మేడమ్, మీ కార్డు మీకు నచ్చిందే చూపిస్తుంది. మీకు పగుళ్ళంటే ఇష్టం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ వాటినేగా వెతికారు?" అన్నాడు నవ్వుతూ.

ఆ మాట గుచ్చుకుంది. అందులో నిజముండే అవకాశం ఉంది గనకే గుచ్చుకుంది.

"సరే భానోజీ. నాకు నచ్చినా నచ్చకపోయినా ఒకేలా గీసే కార్డు తెస్తాను. కంప్యూటరు నా చేతులతో నేనే బిగిస్తాను. ఆ తరువాత నవ్వుదువుగాని," అని లేచి వచ్చేసింది.

"పూరకం లేనిదా?" విడిభాగాల అంగడి మస్తాన్ ఆమెను ఎగాదిగా చూశాడు. "అదెవరికి కావాలమ్మా! పోయినేడు ఒకాయన తన పెళ్ళి వీడియో చూసుకోవడానికి పెద్ద కార్డు పట్టుకెళ్ళాడు. ఇప్పుడా పెళ్ళిలో వాళ్ళ మామగారు కూడా నవ్వుతున్నాడట!"

"అసలు పెళ్ళిలో?"

"అలిగి వెళ్ళిపోయాడమ్మా, భోజనమైనా చెయ్యకుండా."

అన్నిటికన్నా కొత్త కార్డును పరీక్షబల్ల మీద బిగించమని చెప్పి, నళిని దానికి కలిపిన కెమెరాను అరచేత్తో మూసింది. తెర మీద అంగడి నిక్షేపంగా కనిపించింది. ఆమె చెయ్యి మాత్రం లేదు. "ఇది తీసెయ్."

రెండోదానికి పూరకాన్ని ఆపే మీట ఉంది. మస్తాన్ గర్వంగా నొక్కాడు. చిత్రం గరుకుగా మారింది. ఆమె మళ్ళీ చెయ్యి అడ్డుపెట్టింది. గరుకుగానే అయినా, అంగడి అలాగే ఉంది.

"ఇది ఆపినట్టు నటిస్తోందయ్యా!"

మస్తాన్ తల గోక్కున్నాడు. "ఆపితే ఎలా ఉంటుందని మనం అనుకుంటామో అలా గీస్తోందన్నమాట. ఇన్నాళ్ళూ నేనూ నమ్మేశానమ్మా."

మూడోది అటక మీదినుంచి దిగింది. గనిలో రాళ్ళు ఏరే యంత్రం నుంచి ఊడదీసినది. మూరెడు పొడవు, పిండిమర మోత. కెమెరా మూయగానే తెర నల్లబడింది. చెయ్యి తీస్తే మసక దృశ్యం, మధ్యమధ్య నల్లని చిల్లులు.

"ఇంత వికారంగా ఉందేమిటమ్మా!"

"రాళ్ళ యంత్రం ముందు కూర్చుని చూసేవాళ్ళెవరూ ఉండరు మస్తాన్. దీనికి ఒకరిని మెప్పించే అలవాటు కాలేదు. ఇదే ఇవ్వు."

కార్డు కంప్యూటరు పెట్టెలో పట్టలేదు. నళిని రంపంతో పక్క రేకు కోసింది. విద్యుత్తు చాలక వంటింటి పొయ్యి తీగను ఇటు మళ్ళించి, రెండు రోజులు నానబెట్టిన అటుకులతో గడిపింది. యంత్రం నడిచాక కూడా ఉత్తరపు గోడను తాను ముందుగా చూడలేదు. చూస్తే వాదన సిద్ధం చేసుకుంటానని ఆమెకు తెలుసు. పెట్టెను చంకన పెట్టుకుని తిన్నగా పాలకసంఘం సమావేశానికి నడిచింది.

భానోజీ, నలుగురు సభ్యులు చుట్టూ మూగారు. ఊళ్ళోని తెరలన్నిటికీ ఆ గోడను చూపే ఒకే ఒక్క కెమెరాను ఆమె తన యంత్రానికి కలిపింది. మసకమసకగా గోడ. పగులు ఉండవలసిన చోట జానెడు నల్లని మచ్చ. కెమెరా కంటికి అక్కడ దుమ్ము పేరుకుంది. ఒక్క బిందువూ రాలేదు.

"చూశారా? నున్నగా ఉంది," అన్నాడు భానోజీ.

"కళ్ళు పెట్టుకుని చూడు! పైనుంచి ఎడమకు దిగుతూ..." నళిని మచ్చ మీద వేలు పెట్టి గీయబోయింది. వేలు సగంలో ఆగిపోయింది.

కార్డు అక్కడ ఏమీ గీయలేదు. మరి ఈ గీత ఎవరు గీశారు?

ఆమె ఆరు కాగితాలు చింపి తలా ఒకటి ఇచ్చింది. "ఆ నలుపులో ఏం కనిపిస్తోందో రాయండి. పక్కవాళ్ళది చూడొద్దు."

కొత్త వార్డులో ఇల్లు దక్కిన ముగ్గురు సభ్యులు నున్నటి గోడ అని రాశారు. ఇల్లు దక్కని సభ్యురాలు పెద్ద చీలిక అని రాసింది. భానోజీ కాగితం మీద 'ఏ లోపమూ లేదు' అని ఉంది. తన కాగితాన్ని కూడా నళిని బల్ల మీద పరిచింది: పగులు.

ఆమె భానోజీ వైపు తిరిగింది.

"యంత్రంలోంచి పూరకం తీసేశాను. ఇక్కడున్న ఆరు తలల్లోంచి తీయలేకపోయాను. నేను పగులు చూడలేదు. నువ్వూ గోడ చూడలేదు."

"ఏం చెయ్యమంటారు మేడమ్? కొత్త కెమెరా రావాలంటే ఏడాది పడుతుంది."

"బయటికి పోయి చూద్దాం."

"బయటికా!" భానోజీ కుర్చీలో కూలబడ్డాడు. "ఈ తుపానులోనా? పన్నెండేళ్ళుగా కట్టుబడి పనికి కూడా యంత్రాలే తప్ప మనుషులెవరూ తలుపు దాటలేదు. ఇంత చేసి, తీరా గోడ బాగుంటే?"

"బాగుందని ఊరంతటికీ నేనే చెబుతాను, నీకు క్షమాపణతో సహా. అంతవరకు ఆ వార్డులోకి ఒక్క ఊపిరి గాలి వదిలినా నీ కుర్చీ ముందే బైఠాయిస్తాను."

గోడ బీరువా తెరిచి రెండు వ్యోమ కవచాలు బయటికి లాగింది. ఒకటి తాను తొడుక్కుంటూ రెండోదాన్ని అతని ఒళ్ళోకి విసిరింది.

"నేనెందుకు మేడమ్? మీరు చూసి చెబితే చాలదా?"

"చాలదు. నేనొక్కదాన్నే వెళితే పగులే కనిపిస్తుంది. నువ్వొక్కడివే వెళితే నున్నటి గోడే కనిపిస్తుంది. లే, తొడుక్కో."