పక్క టేబుల్ మీది చేప

శుక్రవారం పొద్దున్నే బుల్లబ్బాయి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. చొక్కా ఆయనది కాదు, అబ్బులుది. ఇస్త్రీపెట్టె కూడా లేదు. స్టీలు గిన్నెలో మరిగే నీళ్ళు పోసి, దాని అడుగుతో బరబరా రుద్దేస్తున్నాడు. బహ్రెయిన్‌లో, జిదాఫ్స్ కూలీల క్యాంపులో గదికో ఇస్త్రీపెట్టె ఎవడిస్తాడు చెప్పండి.

"బావా, అది మా అత్తోరు పెట్టిన చొక్కా. కాల్చేవంటే నీ తోలు వలిచి చొక్కా కుట్టించుకుంటాను," అన్నాడు పై మంచం మీంచి అబ్బులు.

"ఎహె, ఊరుకోరా. నీ చొక్కాకి ఇవాళ ప్రమోషనొచ్చింది. సూపర్‌వైజరు వేసుకుంటున్నాడు."

"ఎవడా సూపర్‌వైజరు?"

"నేనే!"

గదిలో ఎవరూ నవ్వలేదు. మామూలుగా అయితే బుల్లబ్బాయి నోరు తెరిస్తే మంచాలు ఊగిపోవాలి. ఉప్పు డబ్బాలో పంచదార పోసి పప్పు పాడుచేసినా, సబ్బు ముక్కని జున్నని చెప్పి కొరికించినా, ఆయన్ని ఎవరూ కొట్టకుండా వదిలేసేది ఆ నవ్వు కోసమే. ఇవాళ అబ్బులు కిందకి దిగొచ్చి మెల్లిగా అన్నాడు.

"ఇవాళైనా మీ పిల్లకి చెప్పెయ్ బావా."

"చెప్తానురా. ముందు కడుపునిండా ఏదన్నా పెట్టి, అప్పుడు చెప్తాను."

ఏం చెప్పాలో తెలియాలంటే ఆయన కాపురం సంగతి తెలియాలి. బుల్లబ్బాయి కొత్తగా లేస్తున్న బిల్డింగుల్లో టైల్స్ మోస్తాడు. ఆయన పెళ్ళాం నాగమల్లేశ్వరి అరాద్‌లో ఒక ముసలావిడ ఇంట్లో పనిచేస్తది, అక్కడే పడుకుంటది. ఇద్దరూ ఉండేది ఒకటే దేశం, అదీ అరచేయంత దేశం. కానీ క్యాంపులోకి ఆడవాళ్ళని రానివ్వరు, ఆ ఇంట్లోకి మగోడిని రానివ్వరు. మరి మొగుడూపెళ్ళాం శుక్రవారం పూట ఎక్కడ కూర్చోవాలి? హోటల్లో కూర్చోవాలి.

చిన్న చిన్న హోటళ్ళలో ఫ్యామిలీ రూములని ఉంటాయి. ప్లైవుడ్ చెక్కలతో అడ్డంగా కట్టి, ముందు పరదా వేస్తారు. ఒక పప్పు, నాలుగు ఖుబూస్ రొట్టెలు చెప్పి, వాటినే నంజుకుంటూ, వెయిటరు వెళ్ళమనేదాకా కూర్చునేవాళ్ళు. రెండో వారం అదే హోటలుకెళ్తే వెయిటరు గుర్తుపట్టేస్తాడు కదా! అందుకని ప్రతి శుక్రవారం కొత్త హోటలు. అలా తిరిగి తిరిగి బహ్రెయిన్‌లో సందు సందునా హోటళ్ళు కనిపెట్టేసేడు బుల్లబ్బాయి. ఎక్కడ పరదా మందంగా ఉంటదో, ఎక్కడ పప్పు రెండోసారి ఊరికే పోస్తారో, ఎక్కడ యజమాని ఊరికే దగ్గుతూ తిరుగుతాడో, అన్నీ ఆయనకి నోటిలెక్క. క్యాంపులో ఎవడి పెళ్ళాం ఈ దేశానికి కొత్తగా వచ్చినా వాడు ముందు వచ్చి పడేది బుల్లబ్బాయి కాళ్ళమీదే.

ఇంతవరకూ బాగానే ఉంది. తేడా వచ్చింది ఫోటోల దగ్గర.

ఒక్కగానొక్క కూతురు లక్ష్మిప్రసన్న. రెండు జడలేసుకునే వయసులో ఊళ్ళో పిన్ని వీరవేణి దగ్గర వదిలేసి వచ్చేరు. ఆ పిల్ల ప్రతి వారం "ఏం తిన్నారు నాన్నా" అని అడుగుద్ది. పప్పు ఫోటో ఏం పంపుతామని ఒకరోజు ఆయనకి చిలిపి బుద్ధి పుట్టింది. పక్క టేబులు మీద ఇంత పొడుగు చేప, కింద పసుపచ్చని అన్నం. దాని ముందు తెల్ల చొక్కా పాదాలదాకా వేసుకున్న అరబ్బాయన. బుల్లబ్బాయి వెళ్ళి సైగలు చేసేడు. ఆయన పకపకా నవ్వి భుజం మీద చెయ్యి కూడా వేసేడు. ఫోటో కింద 'మా బాసుతో భోజనం' అని రాసి పంపేసేడు మహానుభావుడు.

ఆ పిల్ల ఎంత మురిసిపోయిందంటే, ఇక ఆపడం ఈయన వల్ల కాలేదు. ఒకవారం పీతలు, ఒకవారం వేటమాంసం, ఒకవారం మూడంతస్తుల కేకు. అన్నీ పక్క టేబుల్‌వే. పైగా తను సూపర్‌వైజర్నని కోసేవాడు, రుచులు కూడా చెప్పేవాడు. "చేప వెన్నలా కరిగిపోయిందమ్మా" అంటుంటే, పక్కన నాగమల్లేశ్వరి ఖుబూస్ ముక్క నోట్లో పెట్టుకుని తొడపాశం పెట్టేది.

"పిల్ల సంతోషపడతందిలేవే."

"ఎన్నాళ్ళు మావా, ఈ సంతోషం?"

ఎన్నాళ్ళో ఆ పిల్లే వచ్చి చెప్పింది. చదువు మధ్యలో ఆపేసి, కాఫీ షాపులో పని ఇప్పిస్తానన్న ఏజెంటుని నమ్మేసి, అమ్మానాన్నల్ని హడలుకొడదామని చెప్పకుండా విమానం ఎక్కేసింది. తండ్రి పోలికే కదా! కాఫీ షాపూ లేదు, ఏమీ లేదు. ఎయిర్‌పోర్టు నుంచి సరాసరి జల్లాఖ్‌లో ఒక పెద్ద మేడకి తీసుకుపోయి, చీపురు చేతికిచ్చేరు. ఫోను తీసేసుకున్నారు. ఆ ఇంటి డ్రైవరు ఫోన్లోంచి ఒకేఒక్కసారి మాట్లాడింది. నిన్న ఆ డ్రైవరే ఫోను చేసి చెప్పేడు, వాళ్ళింటికి చుట్టాలెవరో వచ్చి, మేడమ్ మనసు మెత్తబడి, ఇవాళ సాయంత్రం అసర్ నమాజుదాకా బయటికి పంపుతానందంట.

*

అబ్బులు మొగుడూపెళ్ళాలిద్దర్నీ కంపెనీ పికప్‌లో తీసుకెళ్ళి జల్లాఖ్ సముద్రం ఒడ్డున దింపేడు. బుల్లబ్బాయి అద్దాల కాఫీ షాపొకటి చూసి ఉంచేడు. దారిపొడుగునా నాగమల్లేశ్వరి ఒకటే మాట.

"అద్దాల కొట్టు ఎందుకు మావా? పిల్లకి నిజం చెప్పడానికి అద్దాలు కావాలా?"

"ఒక్క పూటే. ఒక్క పూట నన్ను సూపర్‌వైజర్ని కానివ్వవే."

నల్లకారు వచ్చి ఆగింది. ప్రసన్న దిగింది. ఇద్దరూ ముందు గుర్తే పట్టలేదు. ఫోన్లో చూసిన పిల్లకి బుగ్గలుండేవి. ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి ఇద్దర్నీ ఒక్కసారే వాటేసుకుంది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు సరికదా, నవ్వింది.

"ఏంటి నాన్నా, ఇంత సన్నబడ్డావు? ఫోటోల్లో లావుగా ఉంటావు కదా!"

"డైటింగమ్మా," అన్నాడు బుల్లబ్బాయి. పొద్దున్నించీ ఆయనకి తోచిన జోకు అదొక్కటే.

లోపల ఏసీ చల్లగా ఉంది. ఒక కాఫీ, ఒక కేకు ముక్క తెచ్చిపెట్టేరు. ప్రసన్న వేళ్ళు చూసింది నాగమల్లేశ్వరి. బాత్రూములు కడిగే మందుకి చర్మం లేచిపోయి, గోళ్ళ చుట్టూ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆమె తన చేతులు గబుక్కున చీరలో దాచేసుకుంది.

"నాన్నా, టైం లేదు గానీ, అసలు మాట చెప్తాను," అంది ప్రసన్న. గొంతు తగ్గించింది. "నేనక్కడ ఉండలేను. వాళ్ళు తిన్నాక మిగిలితేనే నాకు. పడుకోడానికి బట్టలు ఉతికే మిషను పక్కన చోటిచ్చేరు. అయినా నేను ఏడవలేదు తెలుసా? నాకు మా నాన్న ఉన్నాడు కదా అనుకున్నాను."

"ఉన్నానమ్మా," అన్నాడు బుల్లబ్బాయి. అనకూడని మాట.

"అదే! మీ బాసు ఉన్నాడు కదా, చేప ఫోటోలో ఆయన. ఆయనతో నన్ను పనిలో పెట్టుకున్న కఫీల్‌కి ఒక్క ఫోను చేయించు నాన్నా. అరబ్బులు అరబ్బుల మాట వింటారంట, మా డ్రైవరు చెప్పేడు. ఒక్క ఫోను. ఖలాస్, నన్ను వదిలేస్తారు."

బుల్లబ్బాయి కేకు వైపు చూసేడు, సముద్రం వైపు చూసేడు, పెళ్ళాం వైపు చూసేడు. ఆవిడ తల తిప్పేసుకుంది.

"ఆయనెవరో నాకు తెలీదమ్మా."

"ఎవరు తెలీదు?"

"ఆ చేపాయన. పక్క టేబులాయన."

ప్రసన్న పకాలున నవ్వింది. "అబ్బా! నాన్నా, జోకులాపు, ఇప్పుడొద్దు."

పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించీ ఎన్ని అబద్ధాలు చెప్పినా నమ్మించినోడు, ఒక్క నిజం నమ్మించలేక పెదాలు తడుపుకున్నాడు.

"జోకు కాదమ్మా. చేప ఆయనదే. పీతలు కూడా ఎవరివో. కేకు ఎవరిదో పుట్టినరోజుది."

"మరి నువ్వేం తిన్నావు?"

"పప్పు."

"మరి సూపర్‌వైజరు?"

"టైల్స్ మోస్తాను. ఈ చొక్కా అబ్బులుది."

ఆ పిల్ల నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయి, మెల్లమెల్లగా ఆరిపోయింది. తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు చెప్పు. నువ్వు అబద్ధం ఆడవు కదా."

నాగమల్లేశ్వరి చీరలోంచి చెయ్యి తీసి, టేబులు మీద కూతురి చెయ్యి పక్కన పెట్టింది. రెండు చేతులూ ఒక్కలాగే ఉన్నాయి. ఏ చెయ్యి ఎవరిదో గాజుల్ని బట్టి చెప్పుకోవాల్సిందే.

"మీరు!" అంది ప్రసన్న. చుట్టూ జనం తలలు తిప్పేరు. "మీరు నాకా ఫోటోలు ఎందుకు పంపేరు? నేను పప్పు తిన్నామంటే వద్దంటానా? అందరికీ చూపించుకున్నాను నాన్నా! మా నాన్న తినే చోట నేనూ పనిచేస్తానని చదువు మానేసి వచ్చేను! రోజూ రాత్రి ఆ మిషను పక్కన పడుకుని, నాన్న ఒక్క ఫోను చేస్తే చాలనుకున్నాను!"

"తిట్టమ్మా. ఇంకా తిట్టు."

"తిడితే నన్ను వదుల్తారా? వదుల్తారా చెప్పు!"

బుల్లబ్బాయి తలదించుకున్నాడు. ఏజెంటు ఆఫీసు గుమ్మం ఆయన అప్పటికే తొక్కేడు. రెండేళ్ళకి సంతకం పెట్టింది, కఫీల్ ఒప్పుకుంటేనే పంపుతాం అన్నారు. కఫీల్ గేటు దగ్గరకి వెళ్తే వాచ్‌మన్ తాగడానికి మంచినీళ్ళిచ్చి పంపేసేడు. ఇంకెవర్ని అడగాలో అబ్బులుకీ తెలీదు, క్యాంపులో ఎవరికీ తెలీదు.

"తెలీదమ్మా," అన్నాడు.

కాఫీ మీద నురగ అణిగిపోయింది. చివరికి ప్రసన్న మొహం తుడుచుకుని, కేకుని పక్కకి నెట్టేసింది.

"నాకు ఆకలేస్తంది. మీరు నిజంగా తినే చోటికి తీసుకెళ్ళండి."

*

వెనక వీధిలో పెట్రోలు బంకు పక్కన ఒక మలయాళీ హోటలు దొరికింది. బుల్లబ్బాయికే తెలియని హోటలు. ఫ్యామిలీ రూము ఒకటే, పరదాకి ఒక పక్క రింగులు ఊడి వేలాడుతోంది. అన్నం, చేపల పులుసు, పప్పు చెప్పేడు. అడిగి మరీ మూడు ప్లేట్లు వేయించేడు.

ప్లేటు వచ్చిన మరుక్షణం ప్రసన్న తినడం మొదలెట్టింది. ఎడంచెయ్యి ప్లేటు చుట్టూ అడ్డం పెట్టుకుని, తల ఎత్తకుండా, నమిలీ నమలకుండా మింగేస్తా తిన్నది. ఎవరో పిలుస్తారేమోనని మధ్యమధ్యలో పరదా వైపు చూసింది. అలా తినేవాళ్ళని బుల్లబ్బాయి రోజూ చూస్తాడు. క్యాంపులో కొత్తగా వచ్చిన కుర్రోళ్ళు అలాగే తింటారు. ఆయన తన ప్లేటు మెల్లిగా అటు జరిపేడు. ఆ పిల్ల అదీ తినేసింది. నాగమల్లేశ్వరి కూడా తన ప్లేటు జరిపి, ముల్లు తీసి చేపముక్క కలిపి ముద్దలు పెట్టింది. ఆ ముద్దలు తింటున్నప్పుడు వచ్చింది ఆ పిల్లకి ఏడుపు. నోట్లో అన్నం ఉండగానే వెక్కివెక్కి ఏడ్చింది. తల్లి ఆపలేదు, తనూ ఏడుస్తానే ముద్ద కలిపింది.

"నామీద కోపమా అమ్మా?" అన్నాడు బుల్లబ్బాయి.

"ఉంది," అంది ప్రసన్న. ఇంకో ముద్ద మింగి, "నువ్వు రోజూ పప్పేనా తినేది?" అంది.

"పప్పు కూడా బాగుంటదమ్మా."

"అబద్ధం," అని, ఎంగిలిచేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుంది.

చేతులు కడుక్కొచ్చి, బెంచీ మీద తల్లి ఒళ్ళో తలపెట్టుకుంది. "ఒక్క నిమిషం అమ్మా," అంది. అన్న మాట పూర్తవకుండానే నిద్రపోయింది. నోరు తెరుచుకుని, మోకాళ్ళు ముడుచుకుని, చిన్నపిల్లలా.

వెయిటరు వచ్చి ప్లేట్లు తీసేసేడు. బిల్లు తెచ్చేలోపు బుల్లబ్బాయి పరదా బయటికి తల పెట్టి, "భాయ్, ఏక్ చాయ్," అన్నాడు. టీ తాగడం అయ్యేలోపు ఇంకో చాయ్ చెప్పేడు. ఆ తర్వాత ఇంకోటి. టీ ఉన్నంతసేపూ లేవమనరని ఆయనకి తెలుసు. ఊదుకుంటా తాగుతూనే ఉన్నాడు.

"ఇంకెంత తాగుతావు భాయ్?" అంటూ వెయిటరు పరదా ఎత్తేడు. బెంచీ మీద పిల్లని చూసేడు. ఆ చేతులు చూసేడు. పరదా దించి, రింగులు ఊడిన పక్కన గోడకున్న మేకుకి తగిలించి వెళ్ళిపోయేడు. ఆ తర్వాత అడక్కుండానే ఇంకో టీ తెచ్చిపెట్టేడు.

అసర్ నమాజు పిలుపు వినపడింది. బుల్లబ్బాయి జేబులో ఫోను మోగింది. డ్రైవరు. కట్ చేసేడు. మళ్ళీ మోగింది. వీధిలో నల్లకారు రెండుసార్లు హారను కొట్టింది.

నాగమల్లేశ్వరి కూతురి జుట్టు సర్దుతూ, తల ఎత్తకుండా అంది. "నావల్ల కాదు మావా. నేను లేపలేను."

బుల్లబ్బాయి గ్లాసు కింద పెట్టేడు. వంగి, కూతురి భుజం మీద చెయ్యి వేసేడు. వేసి, తీసేసి, మళ్ళీ వేసేడు.

"ప్రసన్నా. లే అమ్మా. కారొచ్చింది."

ఆ పిల్ల కళ్ళు తెరిచి, ఎక్కడుందో తెలియక, తండ్రి మొహం చూసి ఒక్క క్షణం నవ్వింది. తర్వాత గుర్తొచ్చింది. లేచి కూర్చుని, బెంచీ కింద చెప్పులు వెతుక్కుంది.