చింతపండుతో తోమిన మువ్వ

కెనడాలో సార్నియా ఊరు దాటి చాలా దూరం లోపలికి వెళ్లాక, సోయాబీన్ పొలాల మధ్య ఉంటుంది ఆ పాత ఇల్లు. బస్సు రాదు. పక్కిల్లు కనపడదు. కానీ ఊళ్లో ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరేడుగురు స్టూడెంట్లు సర్దుకుంటున్న రోజులవి. చంటిపిల్లాడితో వచ్చిన వాళ్లకి గది ఎవరిస్తారు? రిటైరైన డాక్టర్ సీతారామారావు గారే "మన పిల్లలే కదా" అని తన పొలంలోని ఇంటి తాళాలు చేతిలో పెట్టారు. విద్య కాలేజీకి, భర్త వికాస్ వేర్‌హౌస్ షిఫ్టుకి. వాళ్ల కిట్టుకి రెండో ఏడు నడుస్తోంది. మాటలు రెండే వచ్చు, 'అమ్మా', 'పాలు'. నడక మాత్రం లేదు, అంతా పరుగే.

కోతలు అయ్యాక వికాస్‌కి కొత్త పిచ్చి పట్టుకుంది. ఎవరో పాతది అమ్మేస్తుంటే ఒక మెటల్ డిటెక్టర్ కొనుక్కొచ్చాడు. సెలవు దొరికితే చాలు, ఆ పొడుగాటి మెషీన్‌ని నేలమీద అటూ ఇటూ ఊపుకుంటూ పొలమంతా తిరిగేవాడు. అది కుయ్యిమంటే మోకాళ్ల మీద కూలబడి తవ్వడమే. గుర్రపు నాడాలు, తుప్పు మేకులు, ఎప్పటివో నీలం రంగు మందు సీసాలు. కిచెన్ కిటికీ నిండా అవే. "మ్యూజియం పెడతావా, పాత సామాన్ల కొట్టు పెడతావా?" అని విద్య ఏడిపించేది.

డాక్టర్ గారి షరతు ఒక్కటే. తవ్విన గుంత అప్పుడే పూడ్చెయ్యాలి.

ఆ ఆదివారం దూరపు కంచె దగ్గర మెషీన్ గట్టిగా కూసింది. మోకాలి లోతు తవ్వితే దొరికింది, గోలీకాయంత ఇత్తడి మువ్వ. ఇంకా ఉంటాయేమోనని గుంతని వెడల్పు చేస్తూ పోయాడు. ఈలోపు షిఫ్టుకి తీసుకెళ్లే ఫ్రెండు కారు హారన్ కొట్టింది. గుంత అలాగే వదిలేసి పరిగెత్తాడు. రేపు పూడుద్దాం అనుకున్నాడు. ఆ రేపు రానేలేదు.

మువ్వని విద్య చింతపండు వేసి తోమింది. మట్టి పోయి బంగారంలా మెరిసింది. కదిపితే సన్నగా, తియ్యగా మోగింది. దాన్ని తీసుకెళ్లి కిట్టు మొలతాడుకి కట్టింది, తన చేత్తోనే బిగించి ముడేసింది. ఇక వాడు ఏ గదిలో ఉన్నాడో కళ్లతో వెతకక్కర్లేదు, చెవులే చెప్తాయి. తన చిన్నప్పుడు అమ్మ చేసిన పనే అది.

డాక్టర్ గారి భార్య భ్రమరాంబ గారు పులిహోర డబ్బా ఇవ్వడానికి వచ్చి ఆ చప్పుడు విన్నారు.

"ఇదెక్కడిదమ్మా?"

"పొలంలో దొరికింది ఆంటీ. వెనకటికి స్నోలో గుర్రపు బండ్లకి కట్టేవాళ్లట. వికాస్ గూగుల్ చేశాడు."

"గుర్రానికి ఇంత చిన్నదా?" ఆవిడ దాన్ని ముట్టుకోను కూడా లేదు. "పసిపిల్లలు పోతే మనమూ కాల్చం కదమ్మా, పూడుస్తాం. ఇక్కడైనా అంతే. ఒంటిమీద ఉన్నవి ఒంటిమీదే ఉంచి పాతిపెడతారు. విప్పెయ్ తల్లీ."

అలాగే ఆంటీ అంది విద్య. విప్పలేదు. ఆ వారం అసైన్‌మెంట్ సబ్మిట్ చెయ్యకపోతే కోర్సు ఫెయిల్. ఫెయిలైతే ఈ దేశంలో ఉండనిచ్చే స్టడీ పర్మిట్‌కే ముప్పు. మువ్వ మోగుతుంటేనే ఆమెకి నాలుగు లైన్లు టైప్ చేసే తీరిక దొరుకుతోంది మరి.

ఆ సాయంత్రం ఐదింటికే చీకటి పడింది. వికాస్ డ్యూటీకి వెళ్లాడు. బయట పొగమంచు కిటికీ అద్దాల దాకా వచ్చి ఆగింది. కుళ్లిన సోయా మోళ్ల వాసన తలుపు సందుల్లోంచి లోపలికి వస్తోంది. హీటర్ గుర్రుమంటోంది. వెనక గదిలో మువ్వ. నడవలో మువ్వ. మళ్లీ వెనక గదిలో. విద్య హాయిగా టైప్ చేసుకుంటూ పోయింది.

కాసేపటికి కాళ్లకి చలిగాలి తగిలింది.

మువ్వ మోగుతూనే ఉంది. కానీ దూరంగా.

లేచి వెళ్లి చూస్తే వెనక గది ఖాళీ. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. ఆ గడియ కిట్టుకి అందదు. చెప్పులు కూడా వేసుకోకుండా ఫోన్ టార్చ్ వేసుకుని పొలంలోకి పరిగెత్తింది.

"కిట్టూ! ఆగరా నాన్నా!"

పిలిస్తే ఇంకా పరిగెత్తడం వాడి ఆట. మువ్వ కూడా అచ్చం అలాగే గబగబా మోగింది. వాడే... వాడే అది. టార్చ్ వెలుగు పొగమంచులో నాలుగడుగులు కూడా పోవడం లేదు. మోళ్లు అరికాళ్లలో గుచ్చుకుంటున్నాయి. అప్పుడే తవ్విన పచ్చి మట్టి వాసన... దూరపు కంచె... గుంత! పూడ్చని గుంత!

మువ్వ ఆగింది.

"కిట్టూ..."

"అమ్మా!"

ఆ పిలుపు వచ్చింది వెనక నుంచి. ఇంటివైపు నుంచి.

విద్య గిర్రున తిరిగింది. మళ్లీ, స్పష్టంగా, "అమ్మా!" వాడి గొంతే. పొలంలో ఉన్నది ఉత్త చప్పుడు. ఇంట్లో ఉన్నది పిలుపు. ఏ తల్లి అయినా ఏం చేస్తుంది? ఆమె ఇంటివైపు పరిగెత్తింది.

ఆమె తిరగ్గానే వెనకాల మువ్వ తెగ మోగింది. ఆపకుండా, పిచ్చెత్తినట్టు మోగింది. తర్వాత గుప్పిట్లో పెట్టి మూసినట్టు చప్పుడు అణిగిపోయింది. తర్వాత ఏమీ లేదు. పీడ విరగడైందనుకుంది విద్య. ఆ క్షణంలో నిజంగా సంతోషపడింది.

కిట్టు గడపలో నిలబడి ఉన్నాడు. కాళ్లకి మట్టి. నడుముకి మొలతాడు ఉంది, మువ్వ లేదు. ఎత్తుకుని గుండెకి హత్తుకుంటే ఒళ్లు చల్లగా ఉంది. చలికి అలాగే ఉంటుందిలే అనుకుంది. ఆ రాత్రి వాడు పాలు అడగలేదు. ఆమె పక్కనే, కళ్లు తెరుచుకుని పడుకున్నాడు.

షిఫ్టు నుంచి వచ్చాక సంగతంతా విని వికాస్ తెల్లబోయాడు. తప్పంతా తనదేనన్నాడు. తెల్లారగానే పార, మెషీన్ తీసుకుని బయల్దేరాడు. మువ్వని వెతికి తీసి ఏ ఏట్లోనో పారేసి, గుంత పూడ్చేస్తే గాని అతనికి మనసు కుదుటపడేలా లేదు. విద్య కిట్టుని చంకనేసుకుని వెంట నడిచింది.

గుంత లేదు. ఎవరో పూడ్చేశారు. చిన్న చిన్న చేతులతో తట్టినట్టు మట్టి నున్నగా ఉంది.

"డాక్టర్ అంకుల్ వచ్చి పూడ్చారేమో," అన్నాడు వికాస్. గొంతులో నమ్మకం లేదు. మెషీన్ దించాడు. పూడ్చిన చోటి మీదికి రాగానే అది కుయ్యిమంది. "ఇక్కడే ఉంది విద్యా. కిందే ఉంది మువ్వ. తవ్వనా?"

విద్య ఆ మట్టివైపు చూసింది. రాత్రి మువ్వ ఇక్కడే ఆగింది. ఇక్కడే అణిగిపోయింది. అప్పుడు తను దానికి వీపు చూపించి పరిగెత్తింది... చంకలో ఉన్న పిల్లాడి మొలతాడు తడిమింది. తను వేసిన ముడి కోసం నడుము చుట్టూ వెతికింది. మళ్లీ వెతికింది. తాడుకి ఎక్కడా ముడి లేదు.

"తవ్వు," అంది. "తొందరగా తవ్వు వికాస్!"

చల్లటి చిన్న చెయ్యి వచ్చి ఆమె నోరు మూసింది.

"వద్దమ్మా," అన్నాడు పిల్లాడు, చెవిలో, మెల్లగా.

వికాస్ ఇంకా పార ఎత్తనేలేదు. కాళ్ల కింద, మట్టిలో, మువ్వ ఒక్కసారి మోగింది.