చేయీ చేయీ పట్టుకుని పడక

పళ్ళ డాక్టరు ప్రెస్సు తలుపు తోసుకుని వచ్చిన తీరు చూస్తే, ఎవరి పన్నో ఊడబీకడానికే వచ్చాడనిపించింది. చేతిలో చుట్టిన పోస్టరు, గడ్డం కింద వేలాడుతున్న మాస్కు, ముఖం నిండా చెమట.

"ఇది ఎవరు టైప్ చేశారు?"

కంప్యూటరు వెనక కూర్చున్న కుర్రాడు లేచి నిలబడ్డాడు. "నేనే, అంటే,"

"అంటే?"

"నేనే, కానీ,"

ఈ కుర్రాడి గురించి ముందే ఒక ముక్క చెప్పుకోవాలి. ప్రెస్సులో అందరూ ఇతన్ని కామా అంటారు. ఏ వాక్యం మొదలుపెట్టినా సగంలో ఆపేస్తాడు. మిగతా సగం ఎదుటివాళ్ళు పూరించుకోవాలి. "అమ్మా, కొంచెం," అంటే అన్నం పెట్టాలో, ఫ్యాను వెయ్యాలో ఆ తల్లే తేల్చుకోవాలి. పోయినేడు ఇరవయ్యారు నిండాయి గానీ, ఈ జబ్బు నయం కాలేదు.

డాక్టరు పోస్టరు విప్పి బల్ల మీద పరిచాడు. "చదవండి. గట్టిగా."

పైన ఏడు రంగుల్లో ముచ్చటగా ఉంది: గే, లెస్బియన్ మిత్రుల బృందం, ఈ నెల కార్యక్రమాలు. కింద సినిమా ఉంది, క్యారమ్స్ పోటీ ఉంది, పుస్తకాల మీద కబుర్లున్నాయి. వాటికేం ఢోకా లేదు. ఢోకా అంతా నడిమధ్య, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉంది.

"ఈ ఆదివారం ఉదయం, పార్కులో," కామా గొంతు సన్నబడింది, "చేయీ చేయీ పట్టుకుని... పడక."

"ఆపకండి."

"అందరూ రావచ్చు. మొహమాటం వద్దు. టోపీ, నీళ్ళ సీసా తెచ్చుకోండి. తల్లిదండ్రులకు ప్రత్యేక ఆహ్వానం."

లోపలి గదిలో మెషిన్ ఆగింది. చెడిపోయి కాదు. నడిపే మనిషి వినడానికి ఆపాడు.

"నడక!" డాక్టరు అరిచాడు. "నేను రాసింది నడక! చూసుకోకుండా ఊరంతా అంటించేశాం. పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు. దుప్పట్లు మీరిస్తారా, మేమే తెచ్చుకోవాలా అని ఒకాయన. మావారికి గురక, ఫర్వాలేదా అని ఒకావిడ. పార్కు ఆఫీసరైతే, రేపు సాయంత్రంలోగా ప్రతి పోస్టరూ దిద్దకపోతే గేటుకి తాళం వేస్తానన్నాడు."

"మీది డాక్టరు రాత కదండీ, అందులో న ఏదో, ప ఏదో,"

"తప్పు చేసి పైగా నా రాతనంటారా?"

"ప్రూఫు చూసి సంతకం పెట్టింది మీరే కదా!"

ఈ వాక్యం మాత్రం పూర్తయింది. కోపం వస్తే కామాకి వ్యాకరణం కుదురుతుంది.

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "నేను... రంగులు చూశాను."

అద్దాల గది తలుపు తెరుచుకుంది. కామా వాళ్ళ అమ్మ బయటికొచ్చింది. ప్రెస్సు ఆమెది. ప్రూఫులు దిద్దేదీ ఆమే. చెవి మీద ఎర్రపెన్ను ఎప్పుడూ దిగదు. పక్కవీధిలో బోర్డు మీద దీర్ఘం పోతే ఇక్కడ ఈమెకు నిద్ర పట్టదు. కొడుకు చిన్నప్పుడు ప్రేమగా రాసిచ్చిన పుట్టినరోజు కార్డును కూడా దిద్ది, ఆ తర్వాతే ముద్దుపెట్టుకున్న మనిషి.

ఆమె పోస్టరు చూసింది. ఉలిక్కిపడలేదు, నవ్వలేదు.

"మా ప్రెస్సులో ఒక పద్ధతుంది బాబూ. తప్పు కొట్టినవాడే వెళ్ళి చేత్తో దిద్దాలి. ప్రూఫు మీద సంతకం పెట్టినవాళ్ళు తోడు వెళ్ళాలి."

"రేపు నాకు క్లినిక్కుందండీ."

"పళ్ళెక్కడికీ పోవు. పోయినా మీ దగ్గర కట్టుడువి ఉంటాయిగా. ఒరేయ్, న-లు కొట్టు."

కామా న-లు కొట్టాడు. అదే ఫాంటు, అదే ఎరుపు, ప మీద సరిగ్గా కూర్చునే సైజు. స్టిక్కరు కాగితం మీద ప్రింటు తీసి, స్టీలు స్కేలు ఆనించి, బ్లేడుతో ఒక్కొక్కటీ కోశాడు. కోస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. ఎత్తితే ఎదురుగా డాక్టరున్నాడు మరి.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. మొదటి పోస్టరు బస్టాపులో ఉంది. దాని ముందు ఒక పెద్దాయన కళ్ళజోడు సవరించుకుంటూ నిలబడ్డాడు.

"ఇది ఆదివారాలేనా బాబూ, రోజూ ఉంటుందా?"

"పడక కాదండీ, నడక. అచ్చుతప్పు," అన్నాడు డాక్టరు.

పెద్దాయన ముఖం వాడిపోయింది. "నడకా! అది మా డాక్టరు రోజూ చెప్పి చంపుతూనే ఉన్నాడు."

డాక్టరు పోస్టరును నొక్కిపట్టాడు, కామా న అతికించాడు. బస్టాపు నుంచి లైబ్రరీకి, లైబ్రరీ నుంచి మందుల షాపుకి, అక్కణ్ణుంచి జిమ్ముకి నడిచారు. మొదట్లో ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత దూరం ఉండేది. జిమ్ము దగ్గరికొచ్చేసరికి గొడుగు కూడా పట్టదు.

"మీ వాక్యాలన్నీ ఇంతేనా? ఎప్పుడూ పూర్తి కావా?"

"అవుతాయి, ఒక్కోసారి,"

"మీ పళ్ళు చూపించండి. నోరు తెరవడానికి అంత భయమంటే లోపల ఏదో పుచ్చి ఉండాలి."

"నా పళ్ళు బాగానే ఉన్నాయి."

"అబ్బ! ఫుల్‌స్టాప్!" డాక్టరు చప్పట్లు కొట్టాడు. కామాకి నవ్వొచ్చింది. నవ్వాక, పళ్ళు నిజంగానే బాగున్నాయని డాక్టరు ఒప్పుకోవాల్సి వచ్చింది.

చెప్పుల షాపు దగ్గరికి చేరేసరికి వాన మొదలైంది. అలాంటిలాంటి వాన కాదు, కుండపోత. ఇద్దరూ షాపు ముందున్న రేకు కింద దూరారు. చేతిలో మిగిలిన న-లు తడిసి, ఎక్కడపడితే అక్కడ అంటుకోవడం మొదలుపెట్టాయి. ఒకటి కామా మోచేతికి, ఒకటి డాక్టరు బుగ్గకి.

"ఇంతకీ న-కీ ప-కీ తేడా తెలియకుండానే ఇన్నేళ్ళు ప్రెస్సులో నెట్టుకొచ్చారా?"

కామా వాన వైపు చూశాడు. "ఆ రోజు మీరు కౌంటరు దగ్గర అమ్మతో మాట్లాడుతున్నారు. ఆవిడ మీ కాగితంలో నాలుగు తప్పులు చూపించింది. మీరు కోప్పడకుండా నవ్వారు. నేను టైప్ చేస్తూ చేస్తూ,"

"చేస్తూ?"

"కాగితం వైపు చూడలేదు."

వాన గట్టిగా పడుతోంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే డాక్టరు గుండె చప్పుడు చెప్పుల షాపువాడికి వినపడేది.

"నేను రంగులు చూశానన్నాను కదా," అన్నాడు నెమ్మదిగా. "పోస్టరు రంగులు కాదు. నువ్వారోజు నీలం చొక్కా వేసుకున్నావు."

మీరు పోయి నువ్వు వచ్చింది. ఇద్దరూ గమనించారు, ఇద్దరూ గమనించనట్టు నటించారు. కామా చెయ్యి చాచి డాక్టరు బుగ్గ మీది న తీయబోయాడు. అది గట్టిగా అంటుకున్నట్టుంది, చాలాసేపు పట్టింది.

సరిగ్గా అప్పుడే ఒక సిటీబస్సు ఆ పక్కనుంచి వెళుతూ స్లో అయింది. డ్రైవరు సీట్లో ఉన్నది డ్రైవరక్క, ఈ బృందానికి పెద్దదిక్కు. ఒక లెక్కల టీచరమ్మతో ఎన్నో ఏళ్ళుగా గుట్టుగా, గొడవగా, సుఖంగా కాపురం చేస్తున్న మనిషి. కిటికీలోంచి తల బయటపెట్టి బస్సంతా వినేలా అరిచింది.

"ఏమర్రా! అంటిస్తున్నారా, అంటుకుంటున్నారా?"

కామా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బస్సు నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. అతని ముఖం మాత్రం పాలిపోయింది. వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఎవరైనా తెలిసినవాళ్ళున్నారేమోనని వెతికాడు.

డాక్టరు అదంతా చూశాడు.

"రేపు వస్తావా?"

"వస్తాను, కానీ అమ్మకి,"

"తెలియదు."

"తెలిస్తే ఏమంటుందో, అసలు మాట్లాడుతుందో లేదో, నాకున్నది,"

"ఆవిడొక్కతే," అని డాక్టరే పూర్తి చేశాడు. "చూడు, నిన్ను తొయ్యడం లేదు. నా సంగతి చెబుతాను. ఇంతకుముందు ఒకడి కోసం చాలాకాలం దాక్కుని తిరిగాను. బెంచీకి ఈ చివర నేను, ఆ చివర వాడు, మధ్యలో వాడి సంచి. చివరికి వాడికి పెళ్ళైంది. సంచి కూడా మిగల్లేదు. నాకు నువ్వు నచ్చావు. బాగా నచ్చావు. కానీ మళ్ళీ ఆ బెంచీ మీద కూర్చోలేను. చెప్పగలిగితే చెప్పి రా. లేకపోతే రేపు రాకు, తిట్టుకోను."

వాన తగ్గింది. మిగిలిన పోస్టర్లు దిద్దారు. చివరగా సంచిలో అంటించని పోస్టరు ఒకటి మిగిలింది. కామా దానికీ న అతికించబోతే డాక్టరు లాక్కున్నాడు.

"దీన్ని దిద్దకు. గుర్తుగా ఉంచుకుంటాను. రేపేమవుతుందో."

ఆదివారం పొద్దున అమ్మ వంటింటి బల్ల దగ్గర పేపరు చదువుతోంది. చదవడమంటే దిద్దడమే. మొదటి పేజీ అప్పటికే ఎర్రగా ఉంది. కామా నీలం చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఈ మాట చెప్పాక ఆవిడ తనవైపు ఎప్పటిలా చూడదేమోనని అతని భయం. చెప్పకపోతే పార్కు గేటు దగ్గర ఒకడు గడియారం చూసుకుని లోపలికి వెళ్ళిపోతాడు. రెండో భయం మొదటిదాన్ని కొంచెం ముందుకు నెట్టింది.

"అమ్మా, నేను పార్కుకి,"

అమ్మ తలెత్తలేదు. మామూలుగా అయితే ఈపాటికి, గొడుగు తీసుకెళ్ళు అనేది. ఇవాళ అనలేదు.

"అమ్మా, నాకు అబ్బాయిలంటేనే,"

పెన్ను ఆగింది. ఆమె మాత్రం పలకలేదు.

"ఇష్టం," అన్నాడు కామా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మా, నాకు అబ్బాయిలంటేనే ఇష్టం. ఈ డాక్టరంటే మరీ,"

"మరీ తర్వాత ఏదీ? వాక్యం పూర్తి చెయ్యి."

"ఈ డాక్టర్ని నేను ప్రేమిస్తున్నాను."

"ఇప్పుడు ఫుల్‌స్టాప్." అమ్మ పెన్ను మూత పెట్టింది. "రా, ఇలా కూర్చో."

అతను కూర్చోలేదు, ఆమె ఒళ్ళో తల పెట్టేశాడు.

"నీకు, ఎప్పట్నుంచి,"

"ఎప్పట్నుంచో. అమ్మని రా. పైగా ప్రూఫ్‌రీడర్ని. పెళ్ళికార్డు పది నిమిషాల్లో కొట్టేసేవాడివి, ఆ ఒక్క పోస్టరు చుట్టూ మూడు రోజులు తిరిగావు. ఆ అబ్బాయి వచ్చినప్పుడు మౌసు తిరగేసి పట్టుకున్నావు. అతను ప్రూఫు మీద సంతకం పెడుతూ నిన్ను చూస్తున్నాడు. ఇద్దరు గుడ్డివాళ్ళ మధ్య ఆ ప నా కంట్లో గుచ్చుకుంటూనే ఉంది."

కామా తల పైకెత్తాడు. "చూశావా? చూసి కూడా,"

"చూసే వదిలేశాను. జన్మలో మొదటిసారి. ఆ రాత్రి ముద్ద దిగలేదు." ఆమె కొడుకు జుట్టు సవరించింది. "సరిగ్గా అచ్చయితే ఆ అబ్బాయి మళ్ళీ ఈ గడప తొక్కుతాడా? ఇన్నేళ్ళూ నీ సగం మాటలన్నీ నేనే పూరించాను. ఇదొక్కటీ నేను పూరిస్తే అది నీది కాదు. అందుకే నోరు మూసుకున్నాను. నాకెంత కష్టమైందో తెలుసా?"

"అంటే నీకు కోపం,"

"ఉంది. ఇంత ఆలస్యం చేసినందుకు. లే, ముఖం కడుక్కో. నా క్యాన్వాస్ బూట్లెక్కడ?"

"నువ్వెందుకు?"

"తల్లిదండ్రులకు ప్రత్యేక ఆహ్వానం అన్నారు. ఆ లైను ప్రూఫు కూడా నేనే చూశాను."

పార్కు గేటు తాళం తీసే ఉంది. అప్పటికే గుంపంతా లోపలికి వెళ్ళిపోయింది. డ్రైవరక్క, టీచరమ్మ చెయ్యి పట్టుకుని ముందు నడుస్తోంది. బస్టాపు పెద్దాయన కూడా వచ్చాడు, ఎందుకైనా మంచిదని చంకలో చాప పెట్టుకుని. డాక్టరు ఒక్కడే గేటు దగ్గర మిగిలాడు. నీలం చొక్కా కనపడగానే నవ్వాడు. పక్కనే ఎర్రపెన్ను కనపడగానే నవ్వు మింగాడు.

కామా నేరుగా వెళ్ళి అతని చెయ్యి పట్టుకున్నాడు. రెండో చెయ్యి అమ్మ పట్టుకుంది.

"బాబూ, రేపణ్ణుంచి మా వాడి మాటలు నువ్వు పూరించకు," అందామె. "చెడిపోతాడు."

ఏడాది తిరిగేసరికి ఇద్దరూ క్లినిక్కు పైనున్న రెండు గదుల్లో కాపురం పెట్టారు. అమ్మ చూడటానికొచ్చింది. వస్తూనే మెట్ల దగ్గరి బోర్డులో ఒక సున్నా దిద్దింది, ఫ్రిజ్జు మీది చీటీలో రెండు ఒత్తులు పెట్టింది. తర్వాత పడగ్గది చూసింది.

మంచం పైన గోడకి ఫ్రేము కట్టిన పోస్టరు వేలాడుతోంది. చేయీ చేయీ పట్టుకుని పడక. గుమ్మంలో ఇద్దరు మగాళ్ళూ తేలుకుట్టిన దొంగల్లా నిలబడ్డారు.

అమ్మ పెన్ను తీసింది. పోస్టరు దగ్గరికి వెళ్ళి ఆ అక్షరం వైపు చూసింది. మంచం వైపు చూసింది. పెన్ను మళ్ళీ చెవి మీద పెట్టుకుంది.

"ఇక్కడ తప్పేం లేదు," అంది.