కిలోన్నర తేడా

"నీకు బావ ఒక్కడే కదా?" అడిగాడు చీఫ్.

ఏజెంట్ చీమ కాలు ఊపడం ఆపేశాడు. ఆ కాలు ఆగిందంటే విషయం సీరియస్ అని డిపార్ట్‌మెంట్ మొత్తానికీ తెలుసు. రెండు నిమిషాలు కుర్చీలో కుదురుగా కూర్చోలేని మనిషి కాబట్టే ఆ పేరు పెట్టారు.

"ఒక్కడే సర్. ఏం?"

"ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి అతన్ని అరెస్టు చేయాల్సి రావచ్చు. చేసేది నువ్వే."

గోడ గడియారం పది గంటలు చూపిస్తోంది. చీఫ్ ఫైలు తెరిచాడు. బ్రీఫింగ్ మొదలైంది.

"విదేశాల్లో మారుపేర్లతో పనిచేస్తున్న మనవాళ్ళు ముప్ఫై ఒక్కమంది. వాళ్ళ అసలు పేర్లూ అడ్రసులూ ఉన్నది మన డేటా సెంటర్‌లో. ఇవాళ అక్కడ కొత్త ర్యాక్‌లో నాలుగు సర్వర్లు బిగిస్తున్నారు. అందులో ఒకదాని కడుపులో నీలి గొడుగు ముఠా, లిస్టుని దొంగిలించి బయటికి పంపే ఘోస్ట్ కార్డ్ దాచింది. సరిగ్గా పన్నెండింటికి ర్యాక్‌కి కరెంట్ వస్తుంది. ఆ తర్వాత నలభై సెకన్లు. లిస్టు బోర్డర్ దాటుతుంది."

"నాలుగూ విప్పి చూస్తే పోలా?"

"సీల్ ఊడిందంటే ముఠా మాయమైపోతుంది. కరెంట్ ఆపినా అంతే. వాళ్ళకి లోపల సాయం చేస్తున్న మనిషి నా చేతికి చిక్కాలి. పాదరసం రిపోర్ట్ పంపింది. ఆ పెట్టెల పర్మిట్ మీద ఉన్న సంతకం మీ బావది."

పాదరసం అంటే మామూలు మనిషి కాదు. మూడేళ్ళుగా నీలి గొడుగు ముఠాలో ఉంటూ మనకి సమాచారం అందిస్తున్న డబుల్ ఏజెంట్. ఆమె మాటకి చీఫ్ దగ్గర తిరుగులేదు.

"సర్, మా బావ రోడ్డంతా ఖాళీగా ఉన్నా ఎర్రలైటు పడితే ఆగిపోయే రకం!"

"అలాంటివాణ్ణే ఎవరూ అనుమానించరు. వేరేవాణ్ణి పంపితే ముందు కొడతాడు, తర్వాత అడుగుతాడు. అందుకే నిన్ను పంపుతున్నా. పన్నెండు లోపు ఇంకో దోషిని చూపించు. లేదా బావని తీసుకురా."

అక్క పెళ్ళయిన ఏడాదికే అమ్మ పోతే, తొమ్మిదేళ్ళ చీమని తన ఇంట్లో పెట్టుకుని, చదివించి, మనిషిని చేసింది ఆ బావే. ఆయన చేతులకి బేడీలు వేయాలా? ఛీ, ఏం ఉద్యోగం ఇది!

పది నలభైకల్లా చీమ మారువేషంలో డేటా సెంటర్‌లో ఉన్నాడు. నీలం యూనిఫాం, సోడాబుడ్డి కళ్ళజోడు, దళసరి మీసం, మెడలో హెల్పర్ ఐడీ కార్డు. చేతికి చీఫ్ ఇచ్చిన వాచీ. అందులో రేడియో ఉంది, మనిషిని పడేసే మత్తు సూదీ ఉంది.

హాల్లో వేల ఫ్యాన్లు ఒకేసారి హోరుమంటున్నాయి. వరసగా నిలబడ్డ నల్లటి ర్యాకులు, గాజు తలుపుల వెనక చల్లగాలి. ఒక ర్యాక్ మాత్రం ఖాళీగా, పళ్ళు ఊడిన నోరులా ఉంది. దాని ముందు చెవిలో పెన్ను, చేతిలో చెక్‌లిస్టుతో సన్నగా పొడుగ్గా ఒకాయన. హాల్లో అందరూ ఆయన్ని మేస్త్రి అంటారు. చీమకి మాత్రం బావ.

మేస్త్రి కొత్త హెల్పర్ని బూట్ల నుంచి మీసం దాకా చూశాడు. దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు.

"ఒరేయ్, ఇన్సూరెన్స్ ఉద్యోగం పోయిందా?"

ఇంట్లో చీమ చెప్పుకున్న ఉద్యోగం అదే. ఎనిమిదేళ్ళ ట్రైనింగ్, మూడు దేశాల అనుభవం, అన్నీ ఒక్క సెకనులో గంగలో కలిసిపోయాయి.

"అదీ... బావా..."

"పోతే పోనీలే. పని పనే, ఇందులో నామోషీ ఏముంది? అక్కకి నేను చెప్పనులే, నువ్వేం బెంగపెట్టుకోకు. ఆ మీసం మాత్రం తీసెయ్ రా, చూడలేకపోతున్నా."

చీమకి ఏడుపొచ్చినంత పనైంది. తను ఈయన్ని పట్టుకోడానికి వస్తే, ఈయనేమో తన పరువు కాపాడుతున్నాడు.

"వాచీ తీసి ట్రేలో పెట్టు," అన్నాడు మేస్త్రి.

"వాచీ ఎందుకు బావా? ఉండనీ..."

"ఉంగరం, గొలుసు, వాచీ, లోహమన్నది ఏదీ ఒంటి మీద ఉండకూడదు. దేనికైనా తగిలితే నువ్వూ మాడతావు, మిషనూ మాడుతుంది. తియ్."

అలా నీలి గొడుగు ముఠా చేయలేని పని బావ చేశాడు. ఏజెంట్ చీమ ఆయుధం లేకుండా నిలబడ్డాడు. గాజు తలుపు బయట బల్ల మీద ట్రేలో వాచీ పడుకుంది. చీమ మణికట్టుకి మేస్త్రి ఒక పట్టీ కట్టి, దాని వైరుని ర్యాక్‌కి తగిలించాడు. ఒంట్లో పుట్టే కరెంటు సర్వర్లోకి కాకుండా నేలలోకి పోవడానికట. కట్టేసిన ఆవుదూడలా చీమ అటూ ఇటూ గుంజుకుంటున్నాడు.

అప్పుడు వచ్చింది ఆమె. వెండిరంగు సూటు, ఎర్రటి పెదాలు, నడుస్తుంటే టకటకమనే ఎత్తుమడమల చెప్పులు. క్లయింట్ ప్రతినిధినని కార్డు చూపించింది. చీమ పక్కనుంచి వెళ్తూ అంది.

"ఇక్కడ చలి ఎక్కువ కదూ?"

"చలి కాదు మేడమ్, గాలి దారి తప్పింది," అన్నాడు చీమ.

కోడ్ కలిసింది. పాదరసం! ఏదైనా ఆనవాలు దొరికితే ఆమె ఎడమ చెవి ముట్టుకుంటుంది, అదీ సంకేతం. ఆమె మేస్త్రి వైపు కళ్ళతో చూపించి, చీమతో గొంతు తగ్గించి అంది. "వీడే. ఆలస్యం చేయకు."

అంతలో మేస్త్రి ఆమె ముందు రబ్బరు బూట్లు పెట్టాడు. "మేడమ్, ఆ చెప్పులతో లోపలికి రాకూడదు. ఆ నెక్లెస్ కూడా ట్రేలో పెట్టాలి." మూడు దేశాల రాయబారుల్ని కొంగున కట్టేసుకున్న ఆ అందగత్తె, మూతి ముడుచుకుని, రెండు సైజులు పెద్దవైన రబ్బరు బూట్లలో ఈడ్చుకుంటూ లోపలికి నడిచింది.

పదకొండు ఐదు. మేస్త్రి ముందు ర్యాక్ కాళ్ళు బయటికి లాగాడు. ఇవి ర్యాక్ అడుగున ముందువైపుకి చాపుకునే రెండు ఇనుప పట్టీలు. ర్యాక్ తూలి పడకుండా ఆపేది అవే. కొత్త ర్యాక్ కదా, నేలకి బోల్టులు ఇంకా వేయలేదు. తర్వాత సర్వర్లు జారి కూర్చునే పట్టాలు బిగించాడు. ఒక్కో పట్టా టక్కుమని కూర్చున్నాక లాగి చూడ్డం, చెక్‌లిస్టులో టిక్కు పెట్టడం. మళ్ళీ లాగి చూడ్డం.

చీమకి ఒళ్ళంతా జెర్రులు పాకుతున్నట్టుంది. పదకొండు ఇరవై! కాస్త తొందరగా కానియ్ మహానుభావా!

"ఏంట్రా ఆ ఎగరడం? బాత్రూమ్‌కి వెళ్ళాలా?"

"కాదు బావా. ఎత్తేద్దామా ఇక?"

"ముందు కాటా తీసుకురా."

"కాటా దేనికి మేస్త్రీ?" పాదరసం గొంతు పదునుగా వచ్చింది. "బరువు కాగితం మీద ఉందిగా, ఇరవై ఎనిమిది కిలోలు!"

"ఉంటుంది మేడమ్. నడుం విరిగేది కాగితానికి కాదు కదా."

సర్వర్లని ఒక్కొక్కటే ఇద్దరూ మోకాళ్ళు వంచి ఎత్తి కాటా మీద పెట్టారు. ఒకటి, ఇరవై ఎనిమిది. రెండు, ఇరవై ఎనిమిది. మూడు, ఇరవై ఎనిమిది. నాలుగు, ఇరవై తొమ్మిదిన్నర.

మేస్త్రి మళ్ళీ తూచాడు. అదే అంకె.

"ఇదేంటిది, కిలోన్నర ఎక్కువుంది?" అన్నాడు అందరికీ వినపడేలా. "సరే, నాలుగోది అన్నిటికన్నా కిందకి."

చీమ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒకే మోడల్, ఒకే ఫ్యాక్టరీ. ఆ కిలోన్నరే ఘోస్ట్ కార్డ్! ఎక్స్‌రే లేదు, స్కానర్ లేదు, ఒక కాటాతో పట్టేశాడు మేస్త్రి. చీమ గబుక్కున పాదరసం వైపు చూశాడు. ఆమె చెవి ముట్టుకోవాలి ఇప్పుడు. ముట్టుకోలేదు.

"కుదరదు. డిజైన్‌లో నాలుగో నంబర్ అన్నిటికన్నా పైన ఉంది," అంది. "ఇదిగో, కింద మీ సంతకమే ఉంది."

మేస్త్రి కాగితం అందుకుని చూశాడు. ఆయన ముఖం ఎర్రబడింది.

"సంతకం నాదిలాగే ఉంది మేడమ్. కానీ బరువుది పైన పెట్టమని ఉన్న డిజైన్‌కి నేను సంతకం పెడతానా? నిద్రలో కూడా పెట్టను! మీద పడితే మనిషి పోతాడు. నాలుగోది కిందకే."

హమ్మయ్య! చీమకి గుండెల మీంచి బండ దిగినట్టయింది. దొంగైతే దొంగ పెట్టె బరువు తనే చాటింపు వేస్తాడా? ఆ సంతకం ఫోర్జరీ, పర్మిట్ మీదదీ అంతే. ఫోర్జరీ చేసినవాళ్ళకి కంప్యూటర్లు తెలుసు, మేస్త్రి తెలియదు. చెవి ముట్టుకోకుండా, నాలుగోది పైనే పెట్టమంటున్న ఈ పాదరసం మనవైపు ఉన్న ముఠా మనిషి కాదు, ముఠా వైపు ఉన్న మనవాళ్ళ మనిషీ కాదు. అచ్చంగా ముఠా మనిషే! పైనెందుకు కావాలో కూడా అర్థమైంది. బయటి లైన్ల కట్ట ర్యాక్ పైభాగంలో ఉంది. కార్డు అందుకోగలిగింది జానెడు దూరమే.

తెలిసింది సరే, రుజువు? చేయి కట్టేసి ఉంది, వాచీ ట్రేలో ఉంది.

నాలుగోది అట్టడుగున కూర్చుంది. దాని మీద మిగతా మూడూ. మేస్త్రి వెనక్కి వెళ్ళి కరెంటు తీగలు తగిలించి వచ్చాడు. పదకొండు యాభై నాలుగు.

"పద, బయట బల్ల దగ్గర సంతకాలు పెట్టాలి. ఎత్తినవాళ్ళిద్దరూ పెట్టాలి."

చీమ పట్టీ విప్పుకుని పరుగులాంటి నడకతో ట్రే దగ్గరికి వెళ్ళాడు. వాచీ నోటికి ఆనించుకున్నాడు.

"చీఫ్, ద్రోహి పాదరసం. పెట్టె నాలుగోది."

"రుజువు?"

"మా బావ తూకం వేశాడు సర్. కిలోన్నర తేడా."

"మీ బావ తూకం నమ్మి నా బెస్ట్ ఏజెంట్‌ని పట్టుకోనా? బుద్ధుందా? ఇంకా ఆరు నిమిషాలు. తర్వాత మనవాళ్ళు లోపలికొచ్చి అతన్ని లాక్కొస్తారు."

వెనక క్లిక్‌మంది. గాజు తలుపు లోపల్నుంచి లాక్ పడింది.

పాదరసం లోపల ఒంటరిగా ఉంది. సూటు లోపల్నుంచి సన్నటి తీగ ఒకటి తీసింది. నాలుగో సర్వర్‌ని ముందుకి లాగబోతే ర్యాక్ కాళ్ళు ఆమె రబ్బరు బూట్లకి అడ్డం తగిలాయి. విసుక్కుంటూ రెండింటినీ తన్ని లోపలికి నెట్టేసింది.

"అయ్యయ్యో! కాళ్ళు మడిచేసింది!" మేస్త్రి గావుకేక పెట్టాడు.

ఆమె నాలుగోదాన్ని పూర్తిగా బయటికి లాగి, మూత మీద తీగ గుచ్చింది. రెండో కొస పైనున్న లైన్ల కట్టకి అందించాలి. అడ్డంగా ఉన్న పై సర్వర్‌ని కూడా బయటికి లాగింది.

"రెండోది లాగకూడదు! ఒకేసారి రెండు లాగకూడదమ్మా!" గాజుని దబదబా బాదాడు మేస్త్రి. చీమ భుజంతో తలుపుని గుద్దాడు, కదల్లేదు. మేస్త్రి గోడ మీదున్న ఎమర్జెన్సీ బటన్ అద్దం మోచేత్తో పగలగొట్టి నొక్కాడు. తలుపు లాక్ విడిపోయింది.

ర్యాక్ అప్పటికే ముందుకి ఒరుగుతోంది. పాదరసం తలెత్తి చూసి కొయ్యబారిపోయింది. పెద్ద బూట్లు, వెనక్కి అడుగు పడలేదు. మేస్త్రి ఒక్క దూకు దూకి ర్యాక్ కింద భుజం పెట్టాడు. మెడ నరాలు తాళ్ళలా పొంగాయి.

"ఒరేయ్... పై సర్వర్ లోపలికి తొయ్యి!"

చీమ తోశాడు. అదే క్షణంలో పన్నెండయింది. ర్యాక్ నిండా పచ్చ దీపాలు వెలిగాయి.

నలభై. ముప్ఫై తొమ్మిది. పాదరసం చేతిలోని తీగ కొస అప్పటికే లైన్ల కట్టలో దిగి ఉంది. చీమ దాన్ని గుంజినా ముక్కు లోపలే ఇరుక్కుపోయి ఊడి రాలేదు. చీమ ర్యాక్ వెనక్కి పరిగెత్తి, నాలుగోదాని కరెంటు తీగ పట్టుకుని పీకేశాడు.

పచ్చ దీపం ఆరలేదు.

"బావా! పీకేశాను, ఆరట్లేదు!"

"రెండుంటాయి రా!" భుజం కింద నలుగుతున్న గొంతు. "ఒక లైన్ పోతే... ఇంకోటి నిలబెడుతుంది. రెండోది... కుడి పక్క!"

అంత జాగ్రత్త ఎవరు చేయమన్నారు బాబూ నిన్ను! పదకొండు. పది. కుడి పక్కన నాలుగు తీగలు, అన్నీ నల్లగా ఒకేలా ఉన్నాయి.

"ఏది బావా?"

"చీటీ చూడు! ప్రతిదానికీ చీటీ కట్టాను!"

తీగ చివర చిన్న పసుపు చీటీ, ముత్యాల్లాంటి అక్షరాల్లో 'నాలుగు, కుడి' అని రాసి ఉంది. చీమ పీకేశాడు. దీపం ఆరింది. చీఫ్ తర్వాత సర్వర్ రికార్డు తెప్పించి చూస్తే, మిగిలింది ఒక్క సెకను.

తలుపు దగ్గర బూట్ల చప్పుళ్ళు. చీఫ్ మనుషులు లోపలికి దూసుకొచ్చి ఆగిపోయారు. సర్వర్ మూతలో గుచ్చిన తీగ, లైన్ల కట్టలో దాని ముక్కు, ఆ రెంటి మధ్య నోరు తెరుచుకుని పాదరసం. రుజువు కోసం ఇంక ఎక్కడా వెతకక్కర్లేదు. ఆమెకి బేడీలు పడ్డాయి. పోతూ పోతూ మేస్త్రిని ఎగాదిగా చూసింది. తను బతికుండటానికి కారణం ఆ మనిషేనని ఆమెకి ఇంకా మింగుడు పడినట్టు లేదు.

చీఫ్ చేయి చాపాడు. "మేస్త్రీ, దేశం తరఫున..."

"ఒక్క నిమిషం సార్." మేస్త్రి ర్యాక్ కాళ్ళు బయటికి లాగి, నాలుగోదాన్ని లోపలికి తోసి, అప్పుడు చేయి కలిపాడు. భుజం మీద చొక్కా చిరిగి నెత్తురు మరక పడింది.

అందరూ వెళ్ళాక బావా బామ్మర్దీ ఇద్దరే మిగిలారు. చీమకి మొదటిసారి ఒళ్ళు కదలలేదు.

"బావా, ఒక మాట. పొద్దున నిన్నే అనుకున్నాను. దొంగవి నువ్వేనని. నిన్ను పట్టుకెళ్ళడానికే వచ్చాను."

మేస్త్రి చెక్‌లిస్టు కాగితాలు సర్దాడు. మళ్ళీ సర్దాడు.

"ఎంతసేపు అనుకున్నావు?"

"తూకం వేసేదాకా."

"గంట." ఆయన పెన్ను చెవిలో పెట్టుకున్నాడు. "నొప్పిగానే ఉంది రా. భుజం కన్నా." బామ్మర్ది ముఖం చూశాడు. అక్కడ కన్నీళ్ళు చూసి తనే చూపు తిప్పుకున్నాడు. "సరే, ఊరుకో. నువ్వు గూఢచారివని తెలిస్తే మీ అక్క ఓ పూట అరిచి వదిలేస్తుంది. నన్ను దొంగనుకున్నావని తెలిసిందనుకో, నిన్ను దాచడానికి మీ చీఫ్‌కి ఏ దేశంలోనూ చోటు దొరకదు."

ఆ సాయంత్రం చీమ ఇచ్చిన రిపోర్టులో ఆ ఒక్క గంట ప్రస్తావన ఉన్న పేరా మీద ఎర్ర ముద్ర ఉంది. దాని కింద చీమ స్వహస్తాలతో రాశాడు: 'అత్యంత రహస్యం. ప్రధానంగా మా అక్క కంట పడరాదు.'